తీగ కింద, తుమ్మ పైన

కేసముద్రం స్టేషన్ ముందర నేను రోజూ కూర్చునే చాయ్ బండి బెంచి మీద అరచెయ్యి ఆనించి ప్రమాణం చేస్తున్నాను. ఫౌజులో అరిగిపోయిన నా మోకాళ్ల సాక్షిగా, నోట్లో మిగిలిన పళ్ల సాక్షిగా, ఇందులో ప్రతి మాటా నిజం. నా సంగతి తెలిసినవాళ్లు ఇప్పటికే నవ్వడం మొదలుపెట్టి ఉంటారు. కొంచెం ఆగండి. ఇంకా బర్రె దగ్గరికి రాలేదు.

టేకుమట్ల దాటాక మా లారీ ఆగిపోయింది. ముందర రోడ్డు లేదు. రోడ్డు ఉండాల్సిన చోట వాగు ఉంది. ఉదయం ఆరున్నర. వాన సన్నగా, ఏటవాలుగా పడుతోంది. వెంట ఉన్న సామాను: ఒక రబ్బరు పడవ, దానికి ఒక మోటారు, లైఫ్ జాకెట్లు, లావు తాడు రెండు చుట్టలు, సన్న నైలాను దారం ఒక ఉండ, రెండు గిలకలు, మూడు వాకీటాకీలు, రెండు పూటలకు సరిపడా పూరీలు. హుకుం: అవతల తండాలో చిక్కినవాళ్లను ఇవతలికి తేవాలి. తేలేకపోతే వాళ్లకు కావాల్సింది అందించాలి.

నేను మంచులో కాపలా కాశాను. ఇసుకలో కాశాను. నౌకరీ చివరి ఏడు ఫౌజు నన్ను పంపింది ఎక్కడికి? మా ఊరి నుంచి పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి చేరే భూపాలపల్లి జిల్లాకు. కాగితాల్లో దాన్ని వరద డ్యూటీ అన్నారు. నాకు మాత్రం మా ఇంటి వెనక తలుపు తీసి చూసినట్టే ఉంది. కాకపోతే వెనక పెరడు లేదు, సముద్రం ఉంది.

మా జట్టులో మనుషులు చాలామందే కానీ ఈ కథకు ముగ్గురు చాలు. సుబేదార్ సాబ్, గోదావరి వైపు మనిషి. హుకుం ఆయనది. లెక్కల నాయక్, నాయక్ అతని హోదా, జనగామవాడు. సరిగ్గా ఆరడుగుల పొడుగు. లెక్కల డిగ్రీ సగంలో వదిలి ఫౌజులో చేరాడు. కాపలా పూట నక్షత్రాలను కూడా బ్రాకెట్లలో పెట్టి కూడతాడని మాలో పేరు. మూడోవాణ్ని నేను. వాకీటాకీ నా చేతిలో ఉండేది. వయసు నన్ను వదిలినా మాట నన్ను వదల్లేదు కాబట్టి ఆ పని నాకిచ్చారు.

సుబేదార్ సాబ్ లారీ దిగి నీళ్లను చూశాడు. తరవాత నన్ను చూశాడు.

“ఏమయ్యా, ఇది మీ దేశమేగా? వాగంటే పిల్లకాలవ అన్నావే నిన్న!”

“నిన్నటి దాక పిల్లకాలువనే సాబ్. తెల్లారేసరికి పెద్దమనిషి అయింది.”

పత్తి చేలు నీళ్ల కింద ఉన్నాయి. నీళ్లు కొంచెం తేరుకున్న చోట పైనుంచి చూస్తే మొక్కలు వరసల్లోనే నిలబడి, ఎవరో నిద్రలో తల ఊపుతున్నట్టు మెల్లగా ఊగేవి. ఒక నులక మంచం తేలుతూ పోయింది. దాని మీద కోడిపుంజు. అది మమ్మల్ని చూసి కూయలేదు, జనరల్ సాబ్ కవాతు చూసినట్టు చూసి వెళ్లిపోయింది. పంచాయతీ ఆఫీసు కప్పు మీద బర్రె నిలబడి నెమరు వేస్తోంది. ఆ కప్పుకు మెట్లు లేవు. నీళ్లు పైకి వచ్చినప్పుడు ఈదుకుంటూ ఎక్కింది, నీళ్లు దిగినప్పుడు దిగడం మరిచింది. నేను సెల్యూట్ చేశాను. అది చెవి ఆడించింది.

మొదటి రోజు పని బాగా నడిచింది. తండా అవతలి ఒడ్డున. జనమంతా బడి కప్పు మీద. పిల్లల్ని, ముసలివాళ్లను పడవలో ఇవతలికి తెచ్చాం. గట్టివాళ్లు కొందరు గొడ్లను వదిలి రామన్నారు. జ్వరాలకు మందులివ్వడానికి మా పడవలో పోయిన నర్సమ్మ వాళ్లతోనే ఆగింది. నేను ఒక వాకీటాకీని కమ్లి అనే ఆమె చేతిలో పెట్టి, మీట ఎట్లా నొక్కాలో చెప్పాను. మాట అయిపోగానే ‘ఓవర్’ అనాలని కూడా చెప్పాను. కమ్లికి ఆ మాట బాగా నచ్చింది. తమవాళ్లతో లంబాడీలో మాట్లాడుతూ కూడా చివర ‘ఓవర్’ అనేది.

ఆఖరి ట్రిప్పులో మోటారు రెక్కకు ఎవరిదో చేపల వల చుట్టుకుని గేరు విరిగింది. వాగు నడుమ మునిగిన కట్ట మీద ఒక కరెంటు స్తంభం ఉంది. పడవను దానికి కట్టి వదిలేసి, ఒడ్డు నుంచి మావాళ్లు విసిరిన తాడు అందుకుని, ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని బయటపడ్డాం. ఒడ్డుకు వచ్చాక నాయక్ స్తంభం దాకా పట్టిన ఆ తాడును టేపుతో కొలిచాడు. అరవై అడుగులు.

“అది కొలిచి ఏం జేస్తవ్ తమ్మీ?” అన్నాను.

“కొలిస్తె పాడైతదా అన్నా? ఉండనీ.”

రెండో రోజు పొద్దున పది దాటాక వాకీటాకీ మాట్లాడింది.

“అన్నా, గొడ్ల కొట్టం కాడ మా ఆయనకు పాము కరిచింది. జల్ది ఏమన్న జెయ్యి. ఓవర్.”

కమ్లి భర్త పేరు మంగ్యా, ఆటో నడిపేవాడు. నర్సమ్మ వాకీటాకీ సెట్టు అందుకుంది. రక్తపింజర అని చెప్పింది. పాదం ఉబ్బి వాపు మోకాలు దాకా వచ్చింది. చిగుళ్ల నుంచి రక్తం మొదలైంది. తన సంచిలో జ్వరం గోలీలు తప్ప ఏమీ లేవు. “ఇంజెక్షన్లు పంపండి సార్. ఈ పొద్దు గూకేలోపల. తర్వాత పంపినా నేనేం జెయ్యలేను.”

గంటలో ట్రాక్టరు మీద మందు మా ఒడ్డుకు వచ్చింది. ఐసు డబ్బాలో చిన్న చిన్న గాజు సీసాలు. మందు ఇక్కడ, మనిషి అక్కడ. నడుమ వాగు, దాంట్లో వేళ్లతో సహా దొర్లిపోతున్న చెట్లు. పై ఆఫీసు సెట్టులో చెప్పింది: మబ్బు లేస్తేనే హెలికాప్టర్, రెండో పడవ రేపే. డ్రోను ఒకటి వచ్చింది. గాలి దాన్ని గోరింకను తరిమినట్టు తరిమి వేపచెట్టుకు తగిలించింది. నాయక్ ఈదుతానన్నాడు. సుబేదార్ సాబ్ దొర్లే చెట్టునొకదాన్ని చూపించి, “దానికి దారి ఇవ్వమని చెప్పగలవా?” అన్నాడు. నాయక్ బూటు మళ్లీ తొడుక్కున్నాడు.

మిగిలింది ఒక్కటే దారి. సన్నటి నైలాను దారం అవతలికి విసరాలి. దాన్ని పట్టుకుని వాళ్లు లావు తాడు లాక్కోవాలి. తాడు మీద గిలక, గిలకకు డబ్బా.

విసిరేదెట్లా? ట్రాక్టరు పెద్ద చక్రంలోని ట్యూబు విప్పి, నిలువునా కోసి, ట్రాలీకి రెండు పక్కలా పాతిన గుంజలకు కట్టాం. పిట్టలను కొట్టే గులేరే, కాకపోతే ఏనుగు పిల్ల ఆడుకునే సైజు. ట్యూబు కోస్తుంటే ట్రాక్టరు డ్రైవర్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. ప్లాస్టిక్ సీసాలో ఇసుక నింపి, మెడకు దారం కట్టి, కనబడటానికి లైఫ్ జాకెట్ నుంచి చింపిన నారింజ పట్టీ చుట్టాం. ముందు రోడ్డు మీదే విసిరి చూసి, ఎంత లాగితే ఎంత దూరం పోతుందో ట్రాలీ పలకల మీద గీతలు పెట్టాం.

ఇక అడ్డంకి. స్తంభం నుంచి కరెంటు తీగలు వాగు పొడుగునా పోతున్నాయి. మా ట్రాలీ మట్టం నుంచి కింది తీగ ఇరవై అడుగుల ఎత్తు. తీగ మీదుగా విసిరితే తాడు దానికే వేలాడుతుంది, డబ్బా పోదు. తీగల కింద కట్ట మీద పెద్ద నల్లతుమ్మ. దాని తల పన్నెండు అడుగులు. కొమ్మల్లో చిక్కితే దారం మరి రాదు. కాబట్టి తీగ కింద నుంచి, తుమ్మ పైనుంచి పోవాలి. ఆ కిటికీ ఎనిమిది అడుగులు.

నాయక్ సుద్దముక్కతో ట్రాలీ తలుపు మీద ఒక వంపు గీశాడు.

“సాబ్, ఇసిరిన వస్తువు పోయే తొవ్వను పరావలయం అంటరు.”

“పేరు తరవాత పెడదాం. దాటుతుందా లేదా చెప్పు.”

“దాని ఎత్తు సున్న అయ్యేటివి రెండే జాగలు. ఒకటి మన చెయ్యి, ఇంకోటి వాళ్ల బడి కప్పు. రెండూ ఒక్క మట్టంలనే ఉన్నయి. ఆ రెండు దొరికితే అన్నిటికన్న ఎత్తుండే జాగ, శీర్షం, మనకు దొరికినట్టే. సరిగ్గ నడుమల ఉంటది. పన్నెండుకు ఇరవైకి నడుమ పదహారు. శీర్షం పదహారు అడుగులల్ల పెడుదాం.”

స్తంభం దాకా అరవై అడుగులని తెలుసు. నిన్న తాడు కొలిచినందుకు వెక్కిరించిన నేను నాయక్ వైపు చూడకుండా తప్పించుకున్నాను. స్తంభం నుంచి బడి కప్పు దాకా ఎంత? కమ్లిని అడిగాను.

“పన్నెండు బారలు. నిరుడు ఆ స్తంభం కాడి బోరు పైపు ఏసినప్పుడు నేనే కొలిచిన, ఆ కప్పు నడిమి దాక. ఓవర్.”

నాయక్ ఆలోచించలేదు. బార అంటే రెండు చేతులూ చాచిన వెడల్పు, ఆరడుగులు. పన్నెండు ఆర్లు డెబ్బై రెండు. అరవై కలిపితే నూట ముప్పై రెండు. శీర్షం అరవై ఆరు దగ్గర. గీత మీదికి లాగాడు. కప్పు మీద వాళ్లను తలలు వంచుకోమన్నాను. వదిలాడు.

సీసా వాన లోపలికి దూరింది. తుమ్మ దాటింది. తీగ కింద నుంచి పోయింది. మా ఒడ్డున అందరూ అరిచారు. అది పోయింది, పోయింది, కప్పు కూడా దాటి వెనక నీళ్లలో పడింది. లాగితే రాలేదు. ఏ కంపకో చిక్కింది. దారం కోసేశాం. ట్యూబు మీద కొత్తగా ఒక చీలిక. నాయక్ దాని మీద వేలు పెట్టి చూశాడు.

“ఇంకొక్కసారి సాగుతది సాబ్. రెండోసారికి జిమ్మేదారి నాది కాదు.”

వాకీటాకీలో కమ్లి గొంతు. “అన్నా, ఏం ఇసురుడే అది! నా కొప్పు తాకి పోయింది. మా ఆయన మందు కోసం జూస్తుంటే నన్ను జంపేటట్టున్నరు. ఓవర్.”

“తల వంచుకొమ్మన్న గద చెల్లె!”

“వంచితే ఎట్ల పట్టుకుంట?”

నాయక్ ట్రాలీ తలుపు ముందు నిలబడి, చెరిపి, మళ్లీ అదే లెక్క చేశాడు. అదే జవాబు వచ్చింది. “లెక్కల తప్పు లేదన్నా,” అన్నాడు. సుబేదార్ సాబ్ చేతి గడియారం చూశాడు.

అప్పుడు నాకు మా ఇంటి బావి తాడు గుర్తొచ్చింది. మా నాయిన కొలిస్తే పది బారలు, మా అవ్వ కొలిస్తే పన్నెండు. ఇద్దరూ ఒకే తాడు పట్టుకుని ఏళ్ల తరబడి కొట్లాడుకున్నారు. మా పల్లెల్లో బార కొలిచేవాడి ఒంటితో పుడుతుంది. నాయక్ ఆరడుగుల మనిషి కాబట్టి ప్రపంచంలోని బారలన్నీ ఆరడుగులే అనుకున్నాడు.

మీట నొక్కాను. “చెల్లె, ఆ బారలు ఎవరియి?”

“నాయే. ఇంకెవరియి? ఓవర్.”

“నువ్వెంత పొడుగుంటవ్?”

“గిప్పుడు నా పొడుగుతోని నీకేం పని? సంబంధం జూస్తున్నవా? నా మొగుడు ఇంక బతికే ఉన్నడు!”

“గందుకే అడుగుతున్న. మనిషి ఎంత పొడుగుంటె బార గంతే ఉంటది. జల్ది చెప్పు తల్లీ.”

ఈసారి నర్సమ్మ గొంతు వచ్చింది. “ఐదడుగులు సార్. పోయిన నెలనే రాసుకున్న. గట్టిగ నిలవడితె.”

వెనక నుంచి కమ్లి ఏదో లంబాడీలో తిట్టింది. చివర ఓవర్.

నాయక్ నా మొహం చూశాడు. సుద్దముక్క అందుకున్నాడు. పన్నెండు ఐదులు అరవై. అరవై, అరవై, నూట ఇరవై. మేం పన్నెండు అడుగులు ఎక్కువ విసిరాం. ఇప్పుడు శీర్షం అరవై దగ్గరికి, సరిగ్గా తీగ కిందికి వచ్చింది.

అతను రాసింది నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ఎత్తు కావాలంటే దూరాన్ని, నూట ఇరవైలోంచి ఆ దూరం తీసేయగా మిగిలినదానితో గుణించి, రెండు వందల ఇరవై ఐదుతో భాగించాలి. నడుమ అరవై పెట్టి చూడండి. అరవై అరవైలు మూడు వేల ఆరు వందలు. భాగిస్తే పదహారు. గుణకారంలో ఉన్న రెండు ముక్కలే కారణాంకాలు. ఏ ముక్క సున్నా అయినా ఎత్తు సున్నా. ఒక కారణాంకం మా ఒడ్డు, ఇంకోటి వాళ్ల ఒడ్డు. బడిలో ఎవరూ నాకు ఇట్లా చెప్పలేదు. చెప్పినా వాన పడుతూ ఉండదు, అవతల మంగ్యా ఉండడు.

సుబేదార్ సాబ్ చూపుడువేలు తుమ్మ వైపు పెట్టాడు. “దాని గొడుగు చూశావా? నలభై నుంచి ఎనభై దాకా పరుచుకుంది. శీర్షం దగ్గర దాటుతుంది సరే, దానికి ముందూ వెనకా వంపు కిందికి ఉంటుందిగా. కొమ్మల్లో పడదూ?”

“మంచి మాట అడిగిన్రు సాబ్. ఎత్తు పన్నెండు ఎక్కడెక్కడ ఉంటదో తీస్త.” గబగబా రాశాడు. దూరం వర్గం, అందులోంచి నూట ఇరవై దూరాలు తీసి, రెండు వేల ఏడు వందలు కలిపితే సున్నా. “దీన్ని రెండు బ్రాకెట్లల్ల విరగ్గొట్టాలె. కలిపితె నూట ఇరవై, గుణిస్తె రెండు వేల ఏడు వందలు. ఏ రెండు?”

అతని చెయ్యి ఆగిపోయింది. రెండు రోజుల నిద్రలేమి, ఒక తప్పిన విసురు. నక్షత్రాలను కూడేవాడికి రెండు అంకెలు దొరకలేదు. వాన సుద్దను మెల్లగా కడుగుతోంది.

“ముప్పై, తొంభై,” అన్నాడు సుబేదార్ సాబ్.

ఇద్దరం ఆయన్ని చూశాం. ఆయన పదో తరగతి లెక్కల్లో మూడుసార్లు తప్పాడని జట్టంతా ఎరుగుదుం.

“ఏంటలా చూస్తారు? క్యాంటీన్‌లో రమ్ము పోసే కొలతలయ్యా అవి. ముప్పై, తొంభై. ఆ కూడికల్లో నేనెప్పుడైనా తప్పానా?”

నాయక్ గుణించి చూశాడు. సరిపోయింది. ముప్పై అడుగుల దగ్గరే సీసా పన్నెండు ఎత్తుకు చేరుతుంది, తొంభై దాకా అంతకు కిందికి దిగదు. తుమ్మ గొడుగు ఆ లోపలే.

“గురెక్కడ?” అన్నాను.

“తీగ దగ్గర ముప్పై రెండు అడుగుల ఎత్తు మీద. కావాల్సినదానికి రెట్టింపు. సగం భూమి గుంజుకుంటదన్నా.”

ముప్పై రెండు అడుగుల ఎత్తులో స్తంభం కూడా లేదు. ఏమీ లేదు. బూడిదరంగు మబ్బు ఉంది. నాయక్ ఆ ఏమీ లేని చోటును చాలాసేపు చూశాడు. ట్యూబును గీత మీదికి లాగాడు. చీలిక నోరు తెరుస్తుంటే నాకు కనబడింది. కమ్లికి చెప్పాను, ఈసారి తల వంచకు.

వదిలాడు. ట్యూబు చప్పుడుతో రెండు ముక్కలైంది. ఆ చప్పుడు తరవాత నాకు వాగు వినపడలేదు. సీసా ఎక్కింది. తోక లాగా దారం చుట్టలు చుట్టలుగా లేచింది. తీగ కిందికి చేరేసరికి దాని తొందర తగ్గింది. అక్కడ, తీగ కింద, తుమ్మ పైన, ఎక్కడమూ అయిపోయి దిగడమూ మొదలుకాక, ఆగింది. నారింజ పట్టీ విచ్చుకుంది. వానచుక్కలు దాని పక్కనుంచి దారి తప్పినట్టు దిగాయి. నేను ఊపిరి తీసుకుని ఇంకోసారి తీసుకునేంతసేపు అది అక్కడే ఉంది. తరవాత అటువైపు ఒరిగింది.

“దొరికింది! దొరికింది! దొరికింది!” వాకీటాకీలో కమ్లి. ఈసారి ఓవర్ అనలేదు.

దారం వెంట తాడు పోయింది. బడి కప్పు మీది సిమెంటు దిమ్మెకు చుట్టారు. తాడు మీద గిలక, గిలకకు ఐసు డబ్బా. డబ్బా వాగు మీద ఊగుతూ, తుమ్మ కొమ్మనొకదాన్ని రాసుకుంటూ పోయింది. మధ్యాహ్నం రెండు దాటాక నర్సమ్మ మొదటి సూది వేసింది. సాయంత్రం నాలుగింటికి సెట్టులో చెప్పింది, రక్తం ఆగింది. సుబేదార్ సాబ్ ట్రాలీ పక్కన బురదలో కూర్చుని ఒక పూరీ తిన్నాడు. రెండు రోజులుగా అదే మొదటిది. మర్నాడు మబ్బు లేచింది. మంగ్యాను హెలికాప్టర్‌లోకి లాగి భూపాలపల్లి దవాఖానకు పట్టుకుపోయారు. మనిషి బతికాడు. ఇప్పుడు మళ్లీ ఆటో నడుపుతున్నాడు.

నీళ్లు తీశాక మా లారీ వెనక్కి తిరిగింది. బర్రెను దించడానికి పంచాయతీ ఆఫీసుకు మట్టితో ర్యాంపు పోస్తున్నారు. జనగామలో నాయక్ సెలవు మీద దిగాడు. నేను ఆ ఏడే యూనిఫాం విప్పి కేసముద్రం చేరాను. మార్కెట్ యార్డు గేటు దగ్గర ఉద్యోగం. లారీలు వస్తాయి, పోతాయి. మంచు కొండల మీద చూసినవి చాలా మరిచాను. మిట్టమధ్యాహ్నం కుర్చీలో కునుకు పట్టినప్పుడు మాత్రం ఆ సీసా వస్తుంది. బూడిదరంగు ఆకాశంలో నారింజ పట్టీ విచ్చుకుని, రెండు ఒడ్లకూ సరిగ్గా నడుమ, అట్లా నిలబడి ఉంటుంది. ఎవరైనా హారన్ కొట్టేదాకా పోదు.

ఇదంతా రాసి నాయక్‌కు ఫోన్‌లో చదివి వినిపించాను. చివరిదాకా విన్నాడు.

“అంత మంచిగనే ఉందన్నా. ఒక్క జాగలనే ఝూటా చెప్పినవ్.”

అందుకే ఒప్పుకుంటున్నాను. బర్రె నిజం. మంచం మీది కోడిపుంజు నిజం. ముప్పై, తొంభై నిజం. నేను కల్పించింది సీసా ఆగడం. శీర్షం దగ్గర వస్తువు పైకి పోవడం ఒక్కటే ఆపుతుందట. ముందుకు పోవడం మొదట ఎంత వేగమో అంతే వేగంతో సాగుతూనే ఉంటుందట. నాయక్ రెండుసార్లు విడమరిచి చెప్పాడు. నాకు అర్థమైంది. సీసా ఒక్క లిప్త కూడా ఆగలేదు. ఆగి ఉంటే ఆ కప్పు మీద కమ్లి చేతికి అందేదే కాదు.